వివక్ష కేసు గడువు: ఆఖరి పనిరోజు నుంచి లెక్కపెడితే ఆలస్యమే

అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మనవాళ్లలో చాలామందికి వివక్ష మీద చట్టం ఉందని తెలుసు. ఆ చట్టాన్ని వాడుకోవడానికి గడువు ఎంతో, అది ఏ రోజు మొదలవుతుందో మాత్రం తెలియదు. బలమైన సాక్ష్యాలు చేతిలో ఉండి కూడా ఇక్కడే కేసు పోతుంది. అందుకే చట్టాల పేర్లు తర్వాత, ముందు క్యాలెండర్ చూద్దాం.

జార్జియాలోని ఆల్ఫరెటాలో ఒకావిడ ప్రైవేటు కంపెనీలో పనిచేస్తోంది అనుకోండి. గర్భవతినని ఆఫీసులో చెప్పింది. కొద్ది రోజులకే, 2026 ఫిబ్రవరి 2న, మేనేజర్ పిలిచి "మీ పొజిషన్ తీసేస్తున్నాం, ఫిబ్రవరి 27 మీ ఆఖరి రోజు" అన్నాడు. ఆవిడ ఈఈఓసీలో, అంటే ఈక్వల్ ఎంప్లాయ్‌మెంట్ ఆపర్చ్యూనిటీ కమిషన్‌లో, చార్జ్, అంటే సంతకం పెట్టిన వివక్ష ఫిర్యాదు, వేయడానికి 180 రోజులు ఉంటాయి. ఫిబ్రవరి 27 నుంచి లెక్కపెట్టుకుంటే ఆగస్టు 26 దాకా టైమ్ ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ లెక్క మొదలయ్యేది నిర్ణయం చెప్పిన రోజు నుంచి, అంటే ఫిబ్రవరి 2 నుంచి. ఆ లెక్కన 180వ రోజు ఆగస్టు 1. అది శనివారం కాబట్టి సోమవారం, ఆగస్టు 3 దాకా చెల్లుతుంది. మధ్యలో వచ్చే శని, ఆదివారాలు, సెలవులు అన్నీ లెక్కలోకి వస్తాయి. చివరి రోజు సెలవైతేనే తర్వాతి పనిరోజుకు జరుగుతుంది. ఆగస్టు 20న ధీమాగా వెళ్తే, కేసులో ఎంత బలమున్నా గేటు దగ్గరే ఆగిపోతుంది. నోటీసు ఇచ్చిన రోజే లెక్కకు మూలమని అమెరికా సుప్రీంకోర్టు 1980లోనే తేల్చింది.

ఇదే సంగతి టెక్సస్‌లోని డల్లాస్‌లో జరిగితే 300 రోజులు. రాష్ట్రానికి సొంతంగా వివక్ష చట్టం, దాన్ని అమలుచేసే సంస్థ ఉన్నచోట గడువు 180 నుంచి 300కు పెరుగుతుంది. జార్జియా, నార్త్ కరోలినాల్లో ప్రైవేటు ఉద్యోగులకు ఆ పెంపు లేదు, 180 రోజులే. టెక్సస్‌లో ఇంకో మెలిక ఉంది. ఈఈఓసీకి 300 రోజులైనా, రాష్ట్ర చట్టం కింద టెక్సస్ వర్క్‌ఫోర్స్ కమిషన్ దగ్గర మాత్రం 180 రోజులే. కాబట్టి అక్కడివాళ్లు 180 లోపు వేసేస్తే రెండు దారులూ మిగులుతాయి. కాలిఫోర్నియాలో రాష్ట్ర సంస్థకు ఫిర్యాదు చేయడానికి 3 ఏళ్లు ఉంది. న్యూయార్క్ రాష్ట్ర సంస్థ దగ్గర కూడా ఇప్పుడు 3 ఏళ్లే. న్యూజెర్సీలో రాష్ట్ర చట్టం కింద నేరుగా కోర్టుకు వెళ్లాలంటే 2 ఏళ్లు, రాష్ట్ర పౌరహక్కుల విభాగానికి వెళ్లాలంటే 180 రోజులు. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉన్న స్నేహితుడి లెక్క నార్త్ కరోలినా షార్లెట్‌లో ఉన్న మీకు పనికిరాదు. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే సలహాల్లో ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే. ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగులది మరీ ఇరుకు: 45 రోజుల్లో వాళ్ల ఏజెన్సీలోని ఈఈఓ కౌన్సెలర్‌ను కలవాలి.

హెచ్ఆర్‌కు ఫిర్యాదు చేశాం, వాళ్లు విచారణ చేస్తామన్నారు, ఆ ఫలితం చూసి ముందుకెళ్దాం అని ఆగేవాళ్లు ఎక్కువ. హెచ్ఆర్ విచారణ గడువును ఒక్క రోజు కూడా ఆపదు. కంపెనీ లోపలి అప్పీలు, మధ్యవర్తిత్వం కూడా ఆపవు. అవి నడుస్తుండగానే చార్జ్ వేసుకోవచ్చు.

ఇంకో చిక్కు ఈఈఓసీ పోర్టల్‌లోనే ఉంది. ఆన్‌లైన్‌లో మొదట నింపేది "ఎంక్వైరీ". దాన్ని సబ్మిట్ చేసి, నంబర్ వచ్చింది కదా, కేసు పడినట్టే అనుకుంటారు. పడలేదు. ఎంక్వైరీ తర్వాత ఈఈఓసీ ఉద్యోగి ఇంటర్వ్యూ చేస్తారు. ఆ వివరాలతో చార్జ్ రాస్తారు. మీరు చదివి సంతకం పెట్టాకే అది చార్జ్. ఇంటర్వ్యూ స్లాట్లు ఒక్కోసారి వారాల తర్వాతగానీ దొరకవు కాబట్టి గడువు ముంగిట పడితే తిప్పలే. 60 రోజులు లేదా అంతకన్నా తక్కువే మిగిలి ఉంటే త్వరగా వేయడానికి ఏం చేయాలో పోర్టలే ప్రత్యేకంగా చెబుతుంది. చార్జ్ వేయడానికి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు.

ఒక్కో చర్యకు ఒక్కో గడువు అన్నది కూడా గుర్తుండాలి. మార్చిలో ప్రమోషన్ ఆపారు, సెప్టెంబర్‌లో తీసేశారు అంటే అవి రెండు వేర్వేరు చర్యలు. తీసేసిన తేదీ గడువులో ఉంది కదా అని ప్రమోషన్ సంగతి దాని తోకగా లోపలికి రాదు. వేధింపు మాత్రం వేరు. పదేపదే జరిగిన అవమానాలన్నీ ఒకే వేధింపులో భాగమైతే, చివరి ఘటన గడువులో ఉంటే చాలు, పాతవి కూడా చెప్పుకోవచ్చు. జీతంలో వివక్ష అయితే 2009లో వచ్చిన చట్టం ప్రకారం తక్కువ జీతం పడిన ప్రతి పేచెక్ కొత్త గడువును మొదలుపెడుతుంది.

ఏ చట్టం ఎవరికి

అమెరికాలో చాలా ఉద్యోగాలు "ఎట్ విల్". అంటే కారణం చెప్పకుండానే తీసేయొచ్చు. మేనేజర్‌కు మీరు నచ్చకపోవడం, క్రెడిట్ కొట్టేయడం, మీటింగ్‌లో గద్దించడం చట్టవిరుద్ధం కాదు. చట్టం పట్టించుకునేది కారణం నిషేధించిన జాబితాలో ఉందా అన్నదే. 1964 పౌరహక్కుల చట్టంలోని టైటిల్ 7 ప్రకారం జాతి, రంగు, మతం, లింగం, పుట్టిన దేశం. గర్భం లింగం కిందికే వస్తుంది. 40 ఏళ్లు, అంతకు పైబడినవాళ్లకు 1967 నాటి వయసు చట్టం, వైకల్యానికి 1990 నాటి ఏడీఏ (అమెరికన్స్ విత్ డిజెబిలిటీస్ యాక్ట్). షుగర్ ఉన్నవాళ్లు తమది వైకల్యమని అనుకోరు. కానీ 2008 సవరణ తర్వాత మధుమేహం ఏడీఏ కిందికి తేలిగ్గా వస్తుంది. ఇన్సులిన్ తీసుకోవడానికో, వేళకు తినడానికో విరామం అడిగే హక్కు అందులోంచే వస్తుంది.

గర్భిణులకు 2023 జూన్ 27 నుంచి ప్రత్యేక చట్టం అమల్లో ఉంది. మంచినీళ్లు దగ్గర పెట్టుకోవడం, బాత్రూముకు అదనపు విరామాలు, కూర్చునే వీలు, డాక్టర్ అపాయింట్‌మెంట్లకు సమయం వంటివి, కంపెనీకి పెనుభారం కానంతవరకు, ఇవ్వాల్సిందే. అడగాలి మరి. మేనేజర్‌కు మాటమాత్రంగా చెప్పినా చట్టానికి చాలు. అయినా వెంటనే ఒక ఈమెయిల్ పెట్టి ఉంచుకోవడం మంచిది.

కంపెనీలో ఎంతమంది ఉన్నారన్నది మనవాళ్లకు ముఖ్యమైన ప్రశ్న. టైటిల్ 7, ఏడీఏ, గర్భిణుల చట్టం 15 మంది ఉద్యోగులున్న సంస్థలకే వర్తిస్తాయి. వయసు చట్టానికి 20 మంది ఉండాలి. పది మందితో నడిచే చిన్న కన్సల్టెన్సీ ఈ చట్టాల కిందికి రాదు. అలాంటప్పుడు రాష్ట్ర చట్టం చూడాలి. కాలిఫోర్నియాలో 5 మంది చాలు. న్యూజెర్సీలో కనీస సంఖ్యే లేదు. జాతి వివక్ష అయితే 1866 నాటి సెక్షన్ 1981 ఉంది. దానికి ఉద్యోగుల సంఖ్యతో పనిలేదు, ఈఈఓసీ దగ్గరికి వెళ్లక్కర్లేదు, 4 ఏళ్ల గడువు, పరిహారానికి పరిమితి లేదు. కాకపోతే "భారతదేశంలో పుట్టినందుకు" అన్నది మాత్రమే దాని కిందికి రాదు. వంశం, జాతి లక్షణాల కారణంగా అని చూపించాలి. అన్నిటికన్నా పాతదే అయినా, ఈ చట్టాన్ని చాలామంది మరచిపోతారు.

ఎంప్లాయర్, వెండార్ (మధ్యవర్తి కంపెనీ), ఎండ్ క్లయింట్ (పని చేయించుకునే కంపెనీ) అని మూడంచెల్లో పనిచేసేవాళ్లు చార్జ్‌లో ఎవరి పేరు రాయాలి? పేస్టబ్ (జీతం చీటీ) ఇచ్చేది ఒకరు, రోజూ పని చెప్పేది ఇంకొకరు. మిమ్మల్ని వద్దన్నది క్లయింట్ మేనేజర్ అయినా, అది వివక్షతో అన్నదని తెలిసీ మీ ఎంప్లాయర్ తలూపి తీసేస్తే ఇద్దరికీ బాధ్యత ఉండొచ్చు. ఇద్దరి పేర్లూ రాయండి. చార్జ్‌లో పేరు లేనివాళ్లను తర్వాత కోర్టుకు ఈడ్చడం కష్టం. ఒక్కో కంపెనీ చట్టబద్ధమైన పూర్తి పేరును డబ్ల్యూ-2 (ఏడాది జీతం, పన్నుల పత్రం) లోనో ఆఫర్ లెటర్‌లోనో చూసి రాయాలి. బోర్డు మీద పేరు, పేరోల్ పేరు వేరుగా ఉండే కంపెనీలు మనకు కొత్త కాదు.

బెంచ్ మీద, అంటే ప్రాజెక్టు లేకుండా, కూర్చోబెట్టి జీతం ఇవ్వకపోవడం వివక్ష కేసు కాదు, హెచ్‌1బీ వేతన ఉల్లంఘన. దానికి లేబర్ డిపార్ట్‌మెంట్‌లోని వేజ్ అండ్ అవర్ డివిజన్‌లో డబ్ల్యూహెచ్-4 ఫారం వేయాలి, 12 నెలల్లో. ఈ రెండిటినీ కలిపి ఈఈఓసీకి రాస్తే అసలు ఫిర్యాదు పలచబడుతుంది.

వీసా గడియారం వేరు

వీసా మీద ఉన్నవాళ్లకు ఈ చట్టాలు వర్తించవన్నది శుద్ధ అబద్ధం. అమెరికాలో పనిచేస్తున్న ఎవరికైనా టైటిల్ 7 రక్షణ ఉంటుంది, పౌరులైనా కాకపోయినా. ఉద్యోగం ఆగాక హెచ్‌1బీ వాళ్లకు ఉండే 60 రోజుల వెసులుబాటు వేరు, 180 లేదా 300 రోజుల గడువు వేరు. పైన చెప్పిన ఆల్ఫరెటా ఆవిడ హెచ్‌1బీ మీద ఉంటే ఆ 60 రోజులు ఏప్రిల్ 28తో అయిపోతాయి. హైదరాబాద్ వచ్చేసినా ఆగస్టు 3 దాకా చార్జ్ వేసే హక్కు ఆవిడదే. జరిగిన అన్యాయం అమెరికాలో జరిగింది, మనిషి దేశం దాటినంత మాత్రాన కేసు చచ్చిపోదు. కొత్త ఉద్యోగం దొరికే హడావుడిలో, మూటాముల్లె సర్దుకునే గొడవలో దీన్ని వదిలేస్తారు. వదిలేయాలనే కొన్ని కంపెనీలు చూస్తాయి కూడా.

ఇంకో సంగతి. "మిమ్మల్ని మన హైదరాబాద్ ఆఫీసుకు మారుస్తాం" అని పంపేస్తే, ఆ బదిలీ నిర్ణయం అమెరికాలో జరిగింది కాబట్టి దాన్ని సవాలు చేయొచ్చు. 2024లో సుప్రీంకోర్టు బదిలీ కేసులో గట్టి మాటే చెప్పింది: జీతం తగ్గకపోయినా, ఉద్యోగ పరిస్థితుల్లో కొంత నష్టం కలిగితే చాలు, అది భారీ నష్టం కానక్కర్లేదు. అయితే హైదరాబాద్ వచ్చాక ఇక్కడ జరిగేవాటికి, మీరు అమెరికా పౌరులు కాకపోతే, టైటిల్ 7 అండగా రాదు.

ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం ఎంప్లాయర్ వేసే పిటిషన్) ఆమోదం పొంది, ప్రయారిటీ డేట్ (గ్రీన్‌కార్డు వరుసలో వంతు) రాక ఎదురుచూసేవాళ్లకు, ఎంప్లాయర్ కక్షసాధింపు వంటి అత్యవసర పరిస్థితుల్లో విడిగా ఈఏడీ (పనిచేసే అనుమతి పత్రం) అడిగే నిబంధన 2017 నుంచి ఉంది. అది తేలిగ్గా ఇచ్చేది కాదు, ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడకుండా వేయకండి.

వీసా చూసి ఉద్యోగం ఇవ్వకపోవడం మీద మాత్రం మనవాళ్ల ఆశలకు, చట్టానికి పొంతన లేదు. "స్పాన్సర్‌షిప్ ఇవ్వం" అనే కంపెనీ మీద హెచ్‌1బీ వ్యక్తి పౌరసత్వ హోదా వివక్ష కేసు వేయలేడు. ఆ రక్షణ పౌరులకు, కొత్తగా గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లకు, శరణార్థులకు ఉంది. తిరగేసి చూస్తే మన కన్సల్టెన్సీలకు ఇది ఇబ్బంది. "హెచ్‌1బీ, ఓపీటీ వాళ్లు మాత్రమే" (ఓపీటీ అంటే విద్యార్థులకిచ్చే పని అనుమతి) అని ప్రకటన ఇవ్వడం చట్టవిరుద్ధం. జస్టిస్ డిపార్ట్‌మెంట్ ఇలాంటి ప్రకటనల మీద ఐటీ స్టాఫింగ్ కంపెనీలకు జరిమానాలు వేసింది. అమెరికన్లను పక్కనపెట్టి వీసా ఉద్యోగులను తీసుకోవడం మీద దృష్టి పెడతామని 2025 ఫిబ్రవరిలో ఈఈఓసీ కూడా ప్రకటించింది. టీమ్ మీటింగ్‌లో తెలుగులో మాట్లాడుకుని, నిర్ణయాలు అక్కడే తేల్చేసి, మిగతావాళ్లను వదిలేసే మేనేజర్లు ఈ చట్టాలు తమ మీదకూ వస్తాయని తెలుసుకోవాలి.

మేనేజర్ కూడా తెలుగువాడే, ఇక వివక్ష ఎక్కడిది అనే వాదన కోర్టులో నిలవదు. ఒకే దేశంవాడు తన దేశంవాడి మీద వివక్ష చూపించొచ్చని చట్టం ఒప్పుకుంటుంది. కులం సంగతికొస్తే, ఫెడరల్ చట్టంలో ఆ మాట లేదు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను పేరుపెట్టి నిషేధించింది, అమెరికా నగరాల్లో అదే మొదటిది. కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లును అదే ఏడాది అక్టోబర్‌లో గవర్నర్ వీటో చేశారు, ఇప్పుడున్న చట్టాలే చాలంటూ. కాబట్టి మిగతా చాలాచోట్ల కుల వివక్షను వంశం, జాతి, మతం కిందికి తెచ్చి వాదించాలి. ఇంటిపేరు అడగడం, ఏ ఊరని ఆరా తీయడం, శాకాహారమా అని గుచ్చిగుచ్చి అడగడం వాటంతటవే కేసు కావు. ఆ ఆరా తర్వాత రేటింగ్ ఎలా మారిందో, ప్రాజెక్టు ఎవరికి పోయిందో పక్కపక్కన పెడితేనే బలం.

యాస మీద వ్యాఖ్యలు కూడా అంతే. యాస కారణంగా ఉద్యోగం ఇవ్వకపోవాలంటే, ఆ యాస వల్ల ఆ పని నిజంగానే సాగదని కంపెనీ చూపించాలి. క్లయింట్‌కు నచ్చదన్నది సరిపోదు.

కాగితం మీద ఏం రాయాలి

ఫిర్యాదు ఈమెయిల్‌లో ఒక్క వాక్యం లేక కేసులు కూలిపోతాయి. "మేనేజర్ నాతో అన్యాయంగా ప్రవర్తిస్తున్నారు, వాతావరణం టాక్సిక్‌గా ఉంది" అని రాస్తే చట్టం దృష్టిలో మీరు వివక్ష గురించి ఏమీ చెప్పనట్టే. ఆ తర్వాత తీసేస్తే కక్షసాధింపు కేసు కూడా నిలవదు. "నా గర్భం గురించి చెప్పాక నా ప్రాజెక్టు తీసేశారు, ఇది గర్భం కారణంగా జరిగిన వివక్ష అని నమ్ముతున్నాను" అని కారణాన్ని పేరుపెట్టి రాయాలి. ఆ వాక్యం పడ్డ క్షణం నుంచి మీకు రెండో రక్షణ, కక్షసాధింపు నుంచి, మొదలవుతుంది. ఈఈఓసీకి ఈమధ్య వచ్చే చార్జుల్లో దాదాపు సగం కక్షసాధింపు ఆరోపణవే. అసలు వివక్ష రుజువు కాకపోయినా, నిజాయితీగా, సహేతుకంగా నమ్మి ఫిర్యాదు చేసినందుకు శిక్షించారని తేలితే అది విడిగా గెలిచే కేసు. ఫిర్యాదు చేసిన మూడు వారాలకే పీఐపీ (పనితీరు మెరుగుపరచుకోమనే హెచ్చరిక ప్రణాళిక) వచ్చిందంటే తేదీలు రెండూ రాసి పెట్టుకోండి. నాలుగేళ్లు మంచి రేటింగులు వచ్చి, ఫిర్యాదు తర్వాతే తగ్గితే అదింకా బలం. కంపెనీ మొదట "బడ్జెట్" అని, తర్వాత "పనితీరు" అని కారణం మారిస్తే లాయర్లు ఎక్కువగా సంతోషించేది దానికే.

సాక్ష్యం కోసం ఆఫీసు ఫైళ్లన్నీ సొంత జీమెయిల్‌కు పంపుకోకండి. కంపెనీ రహస్యాలు బయటికి పంపారని తీసేయడానికి అదే సాకవుతుంది. మీరు గెలిచినా, ఆ తప్పు బయటపడిన తేదీ దాకానే పాత జీతం ఇప్పించొచ్చు. సొంత డైరీలో తేదీ, టైమ్, ఎవరున్నారు, అన్నమాట అన్నట్టుగా రాసుకోవడం సురక్షితం. మీ రివ్యూలు, ఆఫర్ లెటర్, పేస్టబ్‌లు ఇంట్లో ఉంచుకోండి. మీటింగ్ రికార్డు చేయాలంటే రాష్ట్రం చూసుకోవాలి. టెక్సస్, జార్జియా, న్యూజెర్సీ, న్యూయార్క్‌లలో మాట్లాడేవాళ్లలో ఒకరికి, అంటే మీకు, తెలిస్తే చాలు. కాలిఫోర్నియా, వాషింగ్టన్, పెన్సిల్వేనియా, ఫ్లోరిడాల్లో అందరి ఒప్పుకోలు కావాలి, లేకుంటే నేరం మీ మీదే పడుతుంది. రికార్డింగ్‌ను కంపెనీ పాలసీ నిషేధిస్తే, చట్టం ఒప్పుకున్నచోట కూడా అది ఉద్యోగానికి ముప్పే.

తీసేసేటప్పుడు సెవరెన్స్ (తొలగింపు పరిహారం) కాగితాలు చేతికిచ్చి సాయంత్రానికల్లా సంతకం అంటారు. 40 నిండినవాళ్లకు, వయసు వివక్ష హక్కు వదులుకునే ఒప్పందం చెల్లాలంటే, ఆలోచించుకోవడానికి 21 రోజులు ఇవ్వాలి. మూకుమ్మడి తొలగింపైతే 45 రోజులు. సంతకం పెట్టాక కూడా 7 రోజుల్లో వెనక్కి తీసుకోవచ్చు. మూకుమ్మడి తొలగింపులో ఆ విభాగంలో తీసేసినవాళ్ల, ఉంచినవాళ్ల ఉద్యోగ హోదాలు, వయసులు పట్టికగా ఇవ్వాలి. ఆ పట్టికను లాయరుకు చూపించకుండా సంతకం పెట్టొద్దు. 40 లోపువాళ్లకు ఇన్ని రోజులన్న చట్టం లేదు, అయినా వారం అడిగితే చాలా కంపెనీలు ఇస్తాయి. ఏ ఒప్పందమైనా ఈఈఓసీకి వెళ్లే హక్కును తీసేయలేదు. అక్కడినుంచి వచ్చే డబ్బును మాత్రం వదులుకునేలా రాయించుకోవచ్చు. ఆర్బిట్రేషన్ (కోర్టు బదులు ప్రైవేటు తీర్పరి దగ్గర తేల్చుకునే) ఒప్పందం మీద సంతకం పెట్టి ఉన్నా చార్జ్ వేయొచ్చు. లైంగిక వేధింపు కేసులను ఆర్బిట్రేషన్‌కు బలవంతంగా పంపడం 2022 మార్చి నుంచి కుదరదు.

చార్జ్ పడ్డాక 10 రోజుల్లో కంపెనీకి నోటీసు వెళ్తుంది. ముందుగా మధ్యవర్తిత్వం అడగొచ్చు. అది ఉచితం, ఇద్దరూ ఒప్పుకుంటేనే, చాలాసార్లు మూడు నాలుగు గంటల్లో తేలుతుంది. వీసా వల్ల టైమ్ లేనివాళ్లకు నా దృష్టిలో ఇదే మేలైన దారి. డబ్బుతోపాటు, ఆఖరి తేదీని పేరోల్ మీద ఇంకొన్ని వారాలు జరపమని కూడా అడగొచ్చు, ఇమ్మిగ్రేషన్ లాయరును అడిగాక. కుదరకపోతే కంపెనీ తన వాదన రాసి ఇస్తుంది. ఆ కాపీ అడిగి తీసుకుని 20 రోజుల్లో జవాబివ్వాలి. చాలామంది ఈ కాపీ అడగరు. అందులోనే కంపెనీ చెప్పే కారణం మొదటిసారి నల్లటి అక్షరాల్లో దొరుకుతుంది.

విచారణ సగటున పది పదకొండు నెలలు పడుతుంది. చివరికి వచ్చే రైట్ టు సూ (దావా వేసుకోవచ్చనే) నోటీసు తర్వాత కోర్టులో దావాకు 90 రోజులే. నోటీసు పోర్టల్‌లో పడుతుంది, ఈమెయిల్ స్పామ్‌లో పడుతుంది. పోర్టల్‌లో కనిపించిన తేదీనుంచే లెక్కపెట్టుకోండి. ఆగలేనివాళ్లు టైటిల్ 7 కేసుల్లో 180 రోజుల తర్వాత ఆ నోటీసు తామే అడగొచ్చు. ఫెడరల్ కోర్టు ఫైలింగ్ ఫీజు 405 డాలర్లు.

టైటిల్ 7, ఏడీఏ కింద మానసిక క్షోభ పరిహారం, శిక్షగా విధించే సొమ్ము రెండూ కలిపి కంపెనీ పరిమాణాన్ని బట్టి పరిమితి ఉంది: 100 మంది దాకా 50,000 డాలర్లు, 200 దాకా లక్ష, 500 దాకా 2 లక్షలు, ఆ పైన 3 లక్షలు. పోయిన జీతం ఈ లెక్కలోకి రాదు. లాయర్లు చాలామంది గెలిస్తే వాటా తీసుకుంటారు. మొదటి సంప్రదింపుకు వెళ్లేటప్పుడు కథంతా చెప్పే బదులు ఒకే పేజీలో తేదీల వరుస, టర్మినేషన్ లెటర్, ఫిర్యాదు ఈమెయిల్, చివరి రెండేళ్ల రివ్యూలు, సెవరెన్స్ కాగితం, ఐ-797 (వీసా పిటిషన్ ఆమోద నోటీసు) తీసుకెళ్లండి. ఆ పేజీలో మొదటి గీత మీకు నిర్ణయం చెప్పిన రోజు కావాలి.